నాన్న రిపోర్టులో ‘నెగటివ్’

ఆ రాత్రి పది గంటలకు ల్యాబ్ నుంచి వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. మియాపూర్‌లో నా సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అన్నాలు తినేసి అమ్మ, నాన్న, నేను హాల్లోనే కూర్చున్నాం. నాన్నకి ఆపరేషన్ అయి అప్పటికి నాలుగు వారాలు. కుట్లు మానాయి కానీ ఇంకా దిండు ఒళ్లో పెట్టుకునే దగ్గేవాడు.

పీడీఎఫ్ తెరిచా. చివర్లో ఒకే ఒక్క లైన్ మీద నా చూపు ఆగింది. ‘పీడీ-ఎల్1: నెగటివ్. ట్యూమర్ కణాల్లో 1 శాతం కన్నా తక్కువ.’

పైకి చదివి వినిపించా.

అమ్మ రెండు చేతులూ జోడించి దేవుడి పటం వైపు చూసింది. కోవిడ్ టైమ్ నుంచీ మా అమ్మకి నెగటివ్ అంటే మంచి వార్తే. జబ్బు పోయిందనుకుంది.

నాన్న ముఖంలో ఇంకో రకం సంతోషం. “అయితే ఆ ఖరీదైన ఇంజెక్షన్లు అక్కర్లేదన్నమాట. మంచిదే” అన్నాడు.

నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకంటే అప్పటికి వారం రోజులుగా ఆఫీస్ పని పక్కన పెట్టి మరీ దాని గురించే చదువుతున్నా. నెగటివ్ అంటే ఆ మందు నాన్న మీద పనిచేయదని నాకు అర్థమైంది.

ఒకే లైన్. ముగ్గురం మూడు రకాలుగా చదివాం. ముగ్గురమూ తప్పే. ఆ సంగతి తెలియడానికి ఇంకో మూడు రోజులు పట్టింది.

గ్యాస్ అనుకుంటే గడ్డ

నాన్నది ఖమ్మంలో మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు, కూలర్ మోటార్లు, మిక్సీలు ఆయన చేతిలో మళ్లీ తిరుగుతాయి. అరవై దాటినా షట్టర్ తానే ఎత్తుతాడు. కడుపులో పట్టేసినట్టుంటోందని నెలరోజులు గ్యాస్ మాత్రలు మింగాడు. చివరికి అమ్మ పోరు పడలేక స్కానింగ్‌కి వెళ్తే, కడుపులో ఏమీ లేదు కానీ కుడి కిడ్నీలో గడ్డ కనిపించింది. ఎనిమిది సెంటీమీటర్లు.

మూత్రంలో రక్తం లేదు. నడుం నొప్పి లేదు. అసలు ఏ సూచనా లేదు. తర్వాత తెలిసింది, ఇప్పుడు కిడ్నీ క్యాన్సర్లు ఎక్కువగా ఇలాగే బయటపడుతున్నాయట, వేరే దేనికోసమో స్కాన్ చేస్తుంటే. ఒక కిడ్నీ బాగా పనిచేస్తుంటే రెండోదాంట్లో ఏం పెరుగుతున్నా ఒళ్లు చాలాకాలం పైకి చెప్పదు.

హైదరాబాద్ తీసుకొచ్చి ఆపరేషన్ చేయించాం. కుడి కిడ్నీ మొత్తం తీసేశారు. బయాప్సీ రిపోర్టులో ‘క్లియర్ సెల్’ రకం అని వచ్చింది. కిడ్నీ క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి పైగా ఈ రకమే. గ్రేడ్ 3. కిడ్నీ నుంచి బయటికొచ్చే సిరలోకి కొంచెం పాకింది కాబట్టి స్టేజీ ‘టీ3ఏ’. లింఫ్ గ్రంథుల్లో లేదు, ఊపిరితిత్తుల్లో లేదు. కనిపించిందంతా తీసేశాం అన్నారు సర్జన్ గారు. తర్వాత కాస్త ఆగి, “తిరగబెట్టే రిస్క్ ఉన్న గ్రూపు ఇది. ఒకసారి ఆంకాలజిస్టుని కలవండి” అన్నారు.

అపాయింట్‌మెంట్ దొరకడానికి పది రోజులుంది. ఆ పది రోజుల్లో నేను చేసిందంతా చదవడమే. మా ఉద్యోగంలో ఏదైనా పాడైతే ముందు లాగ్స్ చూస్తాం, తర్వాత డాష్‌బోర్డ్ చూస్తాం. ఎక్కడో ఒక నంబర్ ఎర్రగా మెరుస్తుంది. దాన్ని పట్టుకుంటే సమస్య దొరుకుతుంది. నాన్న విషయంలో కూడా అలాంటి నంబర్ ఒకటి కావాలనిపించింది. పీడీ-ఎల్1 అనే పేరు కనిపించగానే అదే అనుకున్నా. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాస్తారు. ఆ బ్లాక్ తీసుకెళ్లి బయటి ల్యాబ్‌లో టెస్టుకి ఇచ్చా. ఏ డాక్టరూ రాయలేదు. అడిగి మరీ చేయించింది నేనే.

గేటు దగ్గర స్టిక్కర్

పీడీ-ఎల్1 అంటే ఏంటో ఆ రోజుల్లో అమ్మకి ఇలా చెప్పా. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా. కారు అద్దం మీద మన సొసైటీ స్టిక్కర్ ఉంటే ఆపడు, లేకపోతే ఆపి అడుగుతాడు. మన రక్తంలో తిరిగే టీ-కణాలు ఆ వాచ్‌మన్ లాంటివి. వాటి మీద పీడీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. అది స్టిక్కర్ని చూసే కన్ను. ఒంట్లోని మామూలు కణాలు అవసరమైనప్పుడు పీడీ-ఎల్1 అనే స్టిక్కర్ చూపిస్తాయి. ‘మనవాళ్లమే, వదిలేయ్’ అని దానర్థం. ఈ ఏర్పాటు లేకపోతే టీ-కణాలు మన ఒంటినే కొట్టేస్తాయి.

క్యాన్సర్ కణం చేసే దొంగతనం ఏంటంటే, అదే స్టిక్కర్ తనూ అంటించుకుంటుంది. వాచ్‌మన్ చూసి వదిలేస్తాడు.

పీడీ-1ని 1992లో జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో తసుకు హోంజో బృందం కనిపెట్టింది. కణాలు చచ్చిపోయే తీరుకి సంబంధించిన జన్యువుల కోసం వెతుకుతుంటే ఇది దొరికింది. పేరులో ‘ప్రోగ్రామ్డ్ డెత్’ ఉండటానికి కారణం అదే. స్టిక్కర్ సంగతి 1999లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లీపింగ్ చెన్ బృందం ముందు రాసింది. ఇలాంటి ఇంకో బ్రేకు మీద పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌తో కలిపి హోంజోకి 2018లో నోబెల్ వచ్చింది.

వీళ్ల పని నుంచి పుట్టినవే ఇమ్యునోథెరపీ మందులు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటివి వాచ్‌మన్ కంటికి గంతలు కట్టి స్టిక్కర్ కనపడకుండా చేస్తాయి. అప్పుడు అతను అందరినీ ఆపి అడుగుతాడు. దొంగ దొరుకుతాడు. ఒక్కోసారి మనవాళ్లకీ దెబ్బలు తగులుతాయి. అవే సైడ్ ఎఫెక్టులు.

ఇంతవరకూ నాకు సరిగ్గానే అర్థమైంది. తర్వాతి మెట్టు మీదే జారిపడ్డా. మందు స్టిక్కర్ని కనపడకుండా చేసేదైతే, స్టిక్కర్లు ఎక్కువున్న గడ్డ మీదే బాగా పనిచేయాలి. స్టిక్కరే లేకపోతే మందుకి పనేముంది? లాజిక్ కరెక్టే కదా! పైగా ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో సరిగ్గా అలాగే వాడతారు. 50 శాతం, ఆపైన కణాల్లో పీడీ-ఎల్1 ఉన్నవాళ్లకి పెంబ్రోలిజుమాబ్ ఒక్కదాన్నే మొదటి మందుగా ఇవ్వొచ్చని 2016లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. నాన్నకి ఒక్క శాతం కూడా లేదు. నా లెక్క ప్రకారం ఆ తలుపు మూసుకుపోయింది.

నేను చదివిందంతా నిజమే. కానీ అది ఊపిరితిత్తుల గురించి. నాన్నది కిడ్నీ.

టెస్టరు వెలిగితే...

ఆంకాలజిస్టు మేడమ్ రిపోర్టు చూసి ముందు నన్నే అడిగారు. “ఈ టెస్టు ఎవరు రాశారమ్మా?”

“నేనే చేయించా మేడమ్” అన్నా, స్కూల్లో హోంవర్క్ చేయని పిల్లలా.

ఆవిడ కోప్పడలేదు. కాగితం తిప్పి వెనక ఒక బొమ్మ గీశారు. కిడ్నీ క్యాన్సర్‌లో ఈ ప్రొటీన్ కథ వేరే అన్నారు. 2004లో మేయో క్లినిక్ వాళ్లు 196 మంది కిడ్నీ గడ్డల్ని పరీక్షించారు. ఈ స్టిక్కర్ ఎక్కువున్నవాళ్లకే జబ్బు దూకుడుగా ఉంది, ప్రాణాపాయమూ ఎక్కువగా ఉంది. అంటే కిడ్నీలో నెగటివ్ రావడం, సగటున చూస్తే, చెడ్డ వార్తేమీ కాదు.

“మరి మందు పనిచేయదు కదా?” అన్నా.

దానికి ఆవిడ 2015 నాటి పరీక్ష గురించి చెప్పారు. ముదిరిపోయిన కిడ్నీ క్యాన్సర్ ఉన్న 821 మందిలో కొందరికి నివోలుమాబ్, మిగతావాళ్లకి ఎవరోలిమస్ అనే పాత మందు ఇచ్చారు. కొత్త మందు వాళ్లు సగటున 25 నెలలు, పాత మందు వాళ్లు 19.6 నెలలు బతికారు. తర్వాత స్టిక్కర్ లెక్క తీశారు. ఒక శాతం, ఆపైన ఉన్నవాళ్లలో 21.8 నెలలకు 18.8. ఒక శాతం కూడా లేనివాళ్లలో 27.4కు 21.2. ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ, ఇద్దరికీ కొత్త మందే మేలు చేసింది. అందుకే కిడ్నీ క్యాన్సర్‌లో ఈ మందులకి పీడీ-ఎల్1 పాజిటివ్ ఉండాలన్న షరతు పెట్టలేదు.

ఎందుకిలా? ఆవిడ చెప్పినవి నేను ఫోన్‌లో నోట్ చేసుకున్నా. గడ్డంతా ఒకేలా ఉండదు, ఒక మూల స్టిక్కర్లు ఉండి ఇంకో మూల లేకపోవచ్చు, ల్యాబ్ చూసేది ఒక ముక్కనే. ఆ ముక్కకి రంగు ఎక్కించడానికి వాడే యాంటీబాడీలు నాలుగైదు రకాలున్నాయి, ఒకదానికి కనిపించింది ఇంకోదానికి కనిపించకపోవచ్చు. కొన్ని లెక్కల్లో క్యాన్సర్ కణాల్నే చూస్తారు, కొన్నింటిలో చుట్టూ చేరిన రక్షణ కణాల్ని కూడా కలుపుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఈ స్టిక్కర్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. టీ-కణాలు దాడి మొదలుపెడితే, ఆ సెగ తగిలి గడ్డ కొత్తగా స్టిక్కర్లు అంటించుకోవచ్చు. అంటే మన చేతిలో ఉన్నది లైవ్ వీడియో కాదు, ఒక్క ఫోటో.

కిడ్నీ క్యాన్సర్ ఇలా చాలా విషయాల్లో మొండిఘటమట. మిగతా క్యాన్సర్లలో ఎక్కువగా, గడ్డ లోపలికి టీ-కణాలు బాగా చేరితే మంచి సూచన. క్లియర్ సెల్ కిడ్నీ గడ్డలో అదే చెడు సూచనగా తేలింది.

అప్పటిదాకా మాట్లాడని నాన్న అందుకున్నాడు. “అంటే మా టెస్టరు లాంటిదన్నమాట మేడమ్. వైరుకి పెడితే వెలుగుద్ది. కరెంటు వస్తందని తెలుస్తది. అంతే. మోటారు బాగుందా, కాయిల్ కాలిందా అనేది టెస్టరు చెప్పదు. దానికి ఇప్పి చూడాల్సిందే.”

మేడమ్ నవ్వారు. “నేను మెడికల్ స్టూడెంట్లకి అరగంట చెప్తా సార్ ఇది” అన్నారు.

నేను నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదివి, వారం రోజులు రాత్రుళ్లు మేల్కొని చేసిన తప్పు, నాన్న ఒక్క ముక్కలో పట్టేశాడు. సూచిక ఏం కొలుస్తుందో తెలిస్తే సరిపోదు, ఏం కొలవదో కూడా తెలియాలి.

ఆ పది మంది ఎవరు?

అయితే ముఖ్యమైన ప్రశ్న అలాగే మిగిలింది. ఇంజెక్షన్లు వేయించాలా, వద్దా?

మేడమ్ ముందు పెట్టిన లెక్క ఇది. నాన్నలాగే ఆపరేషన్ అయ్యి, తిరగబెట్టే రిస్క్ ఎక్కువున్న 994 మంది మీద పెంబ్రోలిజుమాబ్ పరీక్ష జరిగింది. సగం మందికి మందు, సగం మందికి ఉత్త సెలైన్. రెండున్నరేళ్లకి చూస్తే మందు తీసుకున్నవాళ్లలో నూటికి 75 మందికి జబ్బు తిరగబెట్టలేదు. తీసుకోనివాళ్లలో ఆ సంఖ్య దాదాపు 65. నాలుగేళ్లకి ప్రాణాలతో ఉన్నవాళ్లు మందు వైపు 91 శాతం, రెండో వైపు 86 శాతం. దీన్నిబట్టే 2021లో అమెరికాలో అనుమతి దొరికింది. ప్రాణాలు నిలబడుతున్నాయన్న ఫలితం 2024లో అచ్చయింది. ఆవిడ రెండో వైపు కూడా దాచలేదు. అదే దారిలో పనిచేసే అటెజొలిజుమాబ్‌ని ఇలాగే ఆపరేషన్ తర్వాత ఇచ్చి చూస్తే మొత్తం మీద తేడా రాలేదని 2022లో తేలిందన్నారు. మందు వద్దనుకుని స్కాన్లు చేయిస్తూ కనిపెట్టుకుని ఉండటం కూడా తప్పు దారి కాదన్నారు.

ఇంటికొచ్చాక గొడవ మొదలైంది.

“మందు లేకపోయినా నూటికి అరవై ఐదు మందికి ఏం కాలేదుగా. నేను ఆ అరవై ఐదులో ఉంటా” అన్నాడు నాన్న.

“మందు వల్ల బాగుపడిన ఆ పది మందిలో ఉన్నావేమో నాన్నా” అన్నా.

“ఆ పది మంది ఎవరో ముందే తెలుస్తదా?”

తెలియదు. ఈ సబ్జెక్టులో అసలు చిక్కుముడి అదే. నూటికి అరవై ఐదు మందికి మందు అక్కర్లేకుండానే బాగుంది. పాతిక మందికి మందు వేసినా తిరగబెట్టింది. మధ్యలో ఉన్న ఆ పది మంది కోసం అందరూ ఇంజెక్షన్లు తీసుకోవాలి. ఆ పది మందిని వేలు పెట్టి చూపించే ప్రొటీన్ కోసమే ప్రపంచమంతా వెతుకుతోంది. పీడీ-ఎల్1 ఆ పని చేస్తుందని ఆశపడ్డారు, కిడ్నీ విషయంలో కుదరలేదు. ఇప్పుడు కిమ్-1 అనే ప్రొటీన్‌ని రక్తంలో కొలిచి చూస్తున్నారు. ఆ అటెజొలిజుమాబ్ పరీక్షలోనే, రక్తంలో కిమ్-1 ఎక్కువున్నవాళ్లకి మందు కొంత మేలు చేసినట్టు కనిపించింది. ఇంకా నిర్ధారణ కావాలి. నాన్న అంతదాకా ఆగలేడు. ఆపరేషన్ అయిన మూడు నెలల లోపే మందు మొదలుపెట్టాలి.

నిజానికి నాన్న వద్దనడానికి కారణం శాతాలు కాదు. మూడు వారాలకో డోసు, ఏడాది పాటు 17 డోసులు. ఒక్కోటి లక్షల్లో. ఆ ఎస్టిమేట్ కాగితం చూసినప్పటి నుంచీ ఆయన కళ్ల ముందు ఒకటే మెదులుతోంది. నా పెళ్లి కోసం పద్నాలుగేళ్లుగా బ్యాంకులో వేస్తున్న ఎఫ్డీ. మోటారుకి ఇంత, కూలర్‌కి ఇంత అని కూడబెట్టింది.

“రిపోర్టులోనే వద్దని వచ్చింది కదా అని సర్దుకుపోదామనుకున్నానే బుజ్జమ్మా” అన్నాడు ఆ రాత్రి, అమ్మ పడుకున్నాక.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ ‘నెగటివ్’ అనే మాట నాన్నకి ఒక సాకు. డబ్బు గురించి తను మాట్లాడక్కర్లేకుండా ఎవరో శాస్త్రవేత్త తన తరఫున వద్దని చెప్పేశాడు. నాకూ అంతే. పాజిటివ్ వచ్చుంటే ఆ నంబర్ చూపించి నాన్న నోరు మూయించేదాన్ని. మేమిద్దరం ఒకరితో ఒకరు మాట్లాడాల్సింది పోయి, ఒక ప్రొటీన్ వచ్చి తీర్పు చెప్తుందని ఎదురుచూశాం.

ఆ రాత్రి రెండింటిదాకా మాట్లాడుకున్నాం. ఎఫ్డీ గురించి, పెళ్లి గురించి, షాపు ఎవరు చూస్తారన్న దాని గురించి, జబ్బు తిరగబెడితే ఏంటన్న దాని గురించి. ఆ చివరిదాని గురించి అప్పటిదాకా ఇంట్లో ఎవరమూ నోరెత్తలేదు. “వేయించుకోకుండా ఉండి రేపు తిరగబెడితే, నీ ముఖం చూసి నేను పోతా” అన్నాడు నాన్న చివరికి. అదే ఆయన ఒప్పుకోలు.

డబ్బు సంగతి కూడా

మర్నాడు లెక్కలేసుకున్నాం. ఇది చదివేవాళ్లకి ఉపయోగపడొచ్చని చెప్తున్నా. నా ఆఫీస్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్న ఉన్నారు. ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు ‘ఆధునిక చికిత్సలు’ అనే హెడ్డింగ్ కిందకి వస్తాయి. పాలసీలో దీనికి విడిగా పరిమితి ఉండొచ్చు. మొత్తం కవర్ చూసి ధైర్యపడొద్దు, ఆ లైన్ వెతికి చదవండి. మాకు ఆపరేషన్ ఖర్చు పోను మిగిలింది తక్కువే. హాస్పిటల్‌లో సోషల్ వర్కర్‌ని అడిగితే మందుల కంపెనీల సహాయ పథకం గురించి చెప్పారు. కొన్ని డోసులకి మనం కడితే మిగతావి వాళ్లు ఇస్తారు. అడగకపోయి ఉంటే ఆ సంగతే తెలిసేది కాదు. ఎఫ్డీలో సగం పైనే తీశాం. బ్యాంకులో సంతకం పెడుతూ నాన్న నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

ఇప్పటికి ఏడు డోసులయ్యాయి. నాలుగో డోసు తర్వాత నాన్నకి ఒకటే నీరసం, చలి. వాచ్‌మన్ థైరాయిడ్ గ్రంథిని కూడా ఆపి నాలుగు తగిలించాడన్నమాట. ఈ మందుతో తరచూ వచ్చే ఇబ్బందే అదట. ఇప్పుడు పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాడు, అమ్మతో పాటే. అమ్మకి పదేళ్లుగా ఉంది. “ఇన్నాళ్లకి ఒక విషయంలో నాతో సమానమయ్యాడు మీ నాన్న” అని నవ్వుతుంది. దగ్గు వచ్చినా, విరేచనాలు అవుతున్నా, ఆయాసం వచ్చినా వెంటనే ఫోన్ చేయమని మేడమ్ గట్టిగా చెప్పారు. మామూలు జలుబే కదా అని ఊరుకోవడానికి లేదు.

మొదటి స్కాన్ క్లీన్‌గా వచ్చింది. అది మందు వల్లో, నాన్న ఆ అరవై ఐదు మందిలో ఒకడు కావడం వల్లో ఎవరూ చెప్పలేరు. ఎప్పటికీ చెప్పలేరు. మొదట్లో ఈ మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు. ఇప్పుడు అలవాటైంది.

మీ ఇంట్లో ఎవరిదైనా ఇలాంటి రిపోర్టు మీ ఫోన్‌లోకి వస్తే, రాత్రి పదకొండుకి ఒంటరిగా సెర్చ్ చేస్తూ కూర్చోవద్దని చెప్పను. చేస్తారని తెలుసు, నేనూ చేశా. ఒక్కటి మాత్రం చూసుకోండి. మీరు చదువుతున్నది ఏ అవయవం గురించి? ఆ సూచిక జబ్బు తీరు చెప్పేదా, మందు పనిచేస్తుందో లేదో చెప్పేదా? ఈ రెండూ వేర్వేరు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు “ఇది పాజిటివా నెగటివా” అని కాకుండా “ఈ నంబర్ వల్ల మా నాన్న చికిత్సలో ఏం మారుతుంది” అని అడగండి. ఏమీ మారదని జవాబొస్తే, ఆ కాగితం ఫైల్లో పెట్టేసి ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

పోయిన ఆదివారం ఖమ్మం వెళ్లా. నాన్న షాపులో ఉన్నాడు. బరువులెత్తొద్దన్నారని కుర్రాడితో మోటారు ఇప్పిస్తున్నాడు. ఆ కుర్రాడు టెస్టరు పెట్టి, “వెలుగుతంది అంకుల్, బాగానే ఉన్నట్టుంది” అన్నాడు.

నాన్న నా వైపు చూసి నవ్వి, “ఇప్పి చూడరా” అన్నాడు.